ఆదివారం అబిడ్స్ పుస్తకాల బజారు: పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళ కోసం

పిల్లలకు పుస్తకాలు చదివే అలవాటు ఎలా చేయాలని ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. ఆదివారం పొద్దున హైదరాబాద్‌లోని అబిడ్స్ తీసుకెళ్ళండి, తలా 200 రూపాయలు చేతిలో పెట్టండి, ఏం కొంటున్నారో తొంగి చూడకండి. మా అక్క పిల్లల్ని నేను అలాగే తిప్పుతున్నాను. పెద్దదానికి 11 ఏళ్ళు, చిన్నోడికి 7.

ఆదివారం అక్కడ దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. దించిన షట్టర్ల ముందు, జీపీఓ (పెద్ద పోస్టాఫీసు) చుట్టుపక్కల ఫుట్‌పాత్‌ల మీద పట్టాలు పరిచి పాత పుస్తకాలు పెడతారు. దశాబ్దాలుగా నడుస్తున్న బజారు. ఎంసెట్ గైడ్లు, మెడిసిన్ పుస్తకాలు, ఇంగ్లీషు నవలలు, వాటి మధ్య మధ్యలో పిల్లలవి. మా పిల్లలు కొనేవి మామూలుగా 30 నుంచి 100 రూపాయల లోపే. ‘కోయీ భీ పచాస్’ (ఏదైనా యాభై) అని అరిచే కుప్పల దగ్గర బేరం కుదరదు. వరసగా పేర్చి పెట్టుకున్నవాళ్ళ దగ్గర అడిగి చూడొచ్చు, నాలుగైదు కలిపి తీసుకుంటే తప్పకుండా తగ్గిస్తారు. ఆ బేరం కూడా పిల్లలకే వదిలేయండి. మా పెద్దది 80 చెప్పినదాన్ని 50కి తెచ్చుకున్న రోజున ఇంటికి వెళ్ళగానే మొదలుపెట్టి రాత్రికల్లా పూర్తి చేసింది.

ఈ బజారుకు నేను ఇంత విలువ ఇవ్వడానికి అసలు కారణం సిరీస్ పుస్తకాలు. కొత్త పుస్తకాల షాపులో ఒకటి నుంచి పది దాకా వరసగా పెట్టి ఉంటాయి, అమ్మానాన్న సెట్టు మొత్తం కొనిస్తారు, అది అలమారలో కూర్చుంటుంది. ఇక్కడ 4వ నంబరు ఒక కుప్పలో, 9వది ఇంకో కుప్పలో దొరుకుతుంది, 5వది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పెద్దది ఒక చిన్న నోటుబుక్కులో దొరికిన నంబర్లకు టిక్కులు పెట్టుకుంటుంది. దొరకనిదాని కోసం పట్టా తర్వాత పట్టా దగ్గర గొంతుకూర్చుని వెతుకుతుంది. ఆ వెతుకులాటలోనే అట్టల వెనక రాసి ఉన్నవి చదువుతుంది, తను అనుకోనివి కూడా రెండు చేతికి తగులుతాయి. పాము గుడ్లు ఎలా పెడుతుందో చెప్పే బొమ్మల పుస్తకం తమ్ముడికి అలా దొరికిందే. వాడు దాన్ని అన్నం తింటూ, పప్పు మరకలు చేస్తూ చదివాడు. పాత పుస్తకం కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. కొత్త పుస్తకమైతే ముందు చేతులు కడుక్కురమ్మంటాం, అట్ట మడవొద్దంటాం. వాడికి పుస్తకం మీద అంత చనువు రావడమే నాకు కావలసింది.

పాత పుస్తకాల్లో ఇంకో సుఖం ఉంది. ఒక డిటెక్టివ్ కథ మధ్యలో, పేజీ అంచున, ఎవరో పెన్సిల్‌తో ‘దొంగ వంటవాడే’ అని ఇంగ్లీషులో రాసి పెట్టారు. పెద్దది ముందు లబోదిబోమంది. చివరికి చూస్తే దొంగ వంటవాడు కాడు! “మామా, వీళ్ళు కూడా తప్పే చెప్పారు” అని ఎగిరి గంతేసింది. అప్పటినుంచి తను కూడా సగం చదివాక అంచున తన అనుమానం రాస్తోంది, తేదీ కూడా వేస్తోంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పిల్లాడు తీసిన కామిక్సు లాక్కుని, “చదువుకు పనికొచ్చేది తీసుకో” అని చేతిలో జీకే పుస్తకం పెట్టే తల్లిదండ్రులు అక్కడ ప్రతివారం కనిపిస్తారు. దయచేసి అలా చేయకండి. 1967లో మొదలైన అమర్ చిత్ర కథ, 1980లో వచ్చిన టింకిల్ పాత సంచికలు ఈ పట్టాల మీద కట్టలుగా దొరుకుతాయి. మా చిన్నోడు కూడబలుక్కుని చదవడం మానేసి గడగడా చదవడం మొదలుపెట్టింది ఆ కామిక్సుతోనే.

లోటు ఏమిటంటే తెలుగు. పిల్లల తెలుగు పుస్తకాలు ఇక్కడ చాలా తక్కువ. 1947లో మొదలైన చందమామ పాత సంచికలు ఎప్పుడన్నా కనిపించినా, సేకరించుకునే పెద్దవాళ్ళ వల్ల ధర పిల్లల 200కి అందదు. అందుకని తెలుగు కోసం వేరే దారులు పెట్టుకున్నాం. తార్నాకలోని ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్ళ చిన్న చిన్న బొమ్మల పుస్తకాలు, ఇంట్లో ఉన్నప్పుడు ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్. అందులో తెలుగు కథలు ఉచితం, చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా విడదీసి ఉంటాయి, దించుకుని ప్రింటు కూడా తీసుకోవచ్చు. అక్షరాలు ఇప్పుడిప్పుడే కలుపుకునే పిల్లలున్న ఇంట్లో నేనైతే మొదటి మెట్టు నుంచే పెడతాను.

కొన్న తర్వాత అక్కడే తాజ్ మహల్ హోటల్‌లో టిఫిన్. దోశ వచ్చేలోపు ఇద్దరూ కొన్నవాటిలో తల దూర్చేస్తారు. నేను ఏమీ అడగను. కథ చెప్పమననూ చెప్పమనను, నీతి అడగనూ అడగను.

వెళ్ళేముందు కొన్ని సంగతులు. కారు వద్దు, నిలిపే చోటు వెతకడంలోనే పిల్లలు విసిగిపోతారు. నాంపల్లి మెట్రోలో దిగి ఆటో ఎక్కడం నయం. పదకొండు లోపు చేరుకోండి, ఎండాకాలంలో ఆ తర్వాత ఫుట్‌పాత్ మీద చిన్నపిల్లలు నిలబడలేరు. గుడ్డ సంచీ, నీళ్ళు, చిల్లర నోట్లు ఉంచుకోండి. డబ్బు ఇచ్చేముందు చివరి పేజీలు ఉన్నాయో లేదో చూడండి. బొమ్మలకు రంగులేసేవి, పజిళ్ళవి అయితే లోపల ముందే ఎవరన్నా పూర్తి చేసేశారేమో తిరగెయ్యండి. వానాకాలంలో చినుకు పడగానే పట్టాలు ముడిచేస్తారు, ఉన్నారో లేదో ఫోన్ చేసి కనుక్కునే వీలూ ఉండదు. మబ్బు పట్టి ఉంటే వచ్చే ఆదివారానికి పెట్టుకోండి.