కొళాయి ఏరేటర్: పిల్లలున్న ఇంటికి కొనొచ్చా?

2024 మార్చిలో బెంగళూరులో నీళ్లకు కటకటలాడిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. బోర్లు ఎండిపోయాయి, ట్యాంకర్ల కోసం టెన్షన్. అప్పుడే ఇక్కడి జలమండలి తాగే నీళ్లతో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అంది, హోటళ్లు, ఆఫీసులు, అపార్ట్‌మెంట్లలో కొళాయిలకు ఏరేటర్లు పెట్టాల్సిందే అంది. మా అసోసియేషన్ వాళ్లు కింద కామన్ కొళాయిలకు బిగించేసి, ఫ్లాట్ల లోపల మీ ఇష్టం అన్నారు. నేను మారతహళ్లిలో ఒక హార్డ్‌వేర్ షాపుకెళ్లి తెచ్చుకున్నాను. అప్పటి నుంచీ వాడుతున్నాం కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను.

వస్తువు పది రూపాయల బిళ్లంత ఉంటుంది. లోపల సన్న జాలీ. నీటి ధారలో గాలి కలిపి వదులుతుంది కాబట్టి ధార తెల్లగా, మెత్తగా పడుతుంది, చేతులు తడవడానికి లోటుండదు. నేను తీసుకున్నవి నిమిషానికి 3 లీటర్లవి. ఇత్తడివి, పైన క్రోమ్ పూత. ప్లంబర్ అక్కర్లేదు, కొళాయి మూతి దగ్గర పాతది తిప్పి తీసేసి ఇది బిగించడమే.

బిగించే ముందు మా పాప (ఆరో తరగతి) ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకుంది, మావాడు (రెండో తరగతి) లీటరు జగ్గు పట్టుకున్నాడు. పాత కొళాయికి జగ్గు 5 సెకన్లలో నిండింది. ఏరేటర్ పెట్టాక 20 సెకన్లు పట్టింది. అంటే నిమిషానికి 12 లీటర్లు పోయే చోట మూడే పోతున్నాయి. పాప వెంటనే లెక్కేసింది: రెండు నిమిషాలు కొళాయి వదిలేసి పళ్లు తోముకుంటే అప్పుడు 24 లీటర్లు, ఇప్పుడు 6. "ఆ ఆరు మాత్రం ఎందుకు, మగ్గులో పట్టుకుంటే అయిపోద్ది కదా" అన్నాడు మావాడు. వాడే అన్నాడు గానీ, ధార చిన్నదే కదా అన్న ధీమాతో ఇప్పుడు కొళాయి ఇంకాసేపు తెరిచే ఉంచుతాడు. దానికి ఏ ఏరేటరూ మందు కాదు.

ఇంట్లో చార్టు మీద "నీటిని పొదుపు చేయండి" అని రంగురంగులుగా రాయించే ప్రాజెక్టు వర్కులు చాలా చూశాను. వాటి వల్ల గోడ నిండడం తప్ప ఏమీ జరగలేదు. జగ్గు, స్టాప్‌వాచ్ వచ్చాక మాత్రం వీళ్లకు కొలత పిచ్చి పట్టుకుంది. బాత్రూంలో బకెట్ కొళాయికి కూడా ఒకటి పెడదామని నేను బయల్దేరితే పాప ఆపింది. "బకెట్ నింపడానికి ఎన్ని నీళ్లు కావాలో అన్నే కావాలి కదమ్మా, టైమ్ ఎక్కువ పడుతుందంతే." నిజమే, షాపులో అతను ఇంట్లో ఎన్ని కొళాయిలుంటే అన్నీ తీసుకోమన్నాడు గానీ ఈ ముక్క చెప్పలేదు. తర్వాత ఆర్‌ఓ ఫిల్టర్ వెనక పైపు కింద బకెట్ పెట్టారు. మా ఇంట్లో ఒక లీటరు మంచినీళ్లు వస్తే రెండు లీటర్లకు పైగా బయటికి పోతున్నాయని తేలింది. ఆ నీళ్లతో ఇప్పుడు ఇల్లు తుడుస్తున్నాం. ఉప్పు ఎక్కువుంటుంది కాబట్టి కుండీలకు మాత్రం పోయం.

కావేరి మంచినీటి పథకం ఐదో దశ నీళ్లు 2024 అక్టోబర్‌లో బెంగళూరు శివార్లకు వచ్చేశాయి, ఇంకెందుకీ తంటా అని పక్కింటివాళ్లు అడిగారు. ఆ నీళ్లు దాదాపు వంద కిలోమీటర్ల నుంచి, మూడు చోట్ల పంపులు పెట్టి, మొత్తం అర కిలోమీటరు ఎత్తుకు తోడితే గానీ ఊళ్లోకి రావు. ఆ మాట విన్నాక పాప నీళ్ల లెక్కతో పాటు కరెంటు లెక్క కూడా అడగడం మొదలుపెట్టింది. నా దగ్గర సమాధానం లేదనుకోండి.

ఇక లోపాలు. వంటింటి సింకుకు 3 లీటర్లది పెట్టకండి. మా అత్త ధర్మవరం నుంచి వచ్చి, ఇడ్లీ పాత్రలో నీళ్లు పడుతూ "ఏం కొళాయమ్మా ఇది, పాత్ర నిండేసరికి పొద్దుగూకేట్టుంది" అంది. అనంతపురం జిల్లాలో బిందెలు మోసిన మనిషి, నీళ్ల విలువ తెలియక కాదు. పప్పు నానబెట్టినా, కుక్కర్‌లో పోసినా కొలతే కావాలి, ఆదా ఏముంటుంది? అక్కడ గిన్నెలు కడగడానికి మాత్రం పనికొస్తుంది, కాబట్టి ధార మార్చుకునే రకం దొరికితే అది తీసుకోండి.

బోరు నీళ్లయితే ఉప్పు పేరుకుని జాలీ మూసుకుపోతుంది. ధార పక్కలకు చిమ్ముతోందంటే అదే కారణం. విప్పి వెనిగర్‌లో ఒక పూట నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దితే పోతుంది. ఆ పని మావాడిది, పోటీపడి చేస్తాడు. పై అంతస్తులో ట్యాంకు కిందే ఉండేవాళ్లకు ప్రెషర్ తక్కువ కాబట్టి ధార మరీ సన్నబడుతుంది. ఇన్‌స్టంట్ గీజర్ ఉన్న కొళాయికైతే పెట్టొద్దు, ప్రవాహం చాలక కొన్ని గీజర్లు ఆన్ కావు.

చవకని ప్లాస్టిక్‌వి కూడా రెండు కొన్నాను, మరలు అరిగి ఊడొచ్చేశాయి. కొనేటప్పుడు పాతది విప్పి చేత్తో పట్టుకెళ్లండి. మరలు కొన్నింటికి లోపల ఉంటాయి, కొన్నింటికి బయట.