చేప, బెల్లం, పిచికారీ: మూడేళ్ల తరవాత

వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా మేడ మీద నలభై దాకా కుండీలున్నాయి. వంగ, బెండ, టమాటా, దొండపాదు, రెండు మందారాలు. మూడేళ్లుగా వాటి ఆకులకు సేంద్రియ ద్రావణాలే కొడుతున్నాను. అన్నిట్లోకీ నాకు నమ్మకం కుదిరింది చేప, బెల్లం ఊరబెట్టిన ద్రావణం మీద.

ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలు కోసేవాళ్లు తలలు, పొట్టలోని వ్యర్థం అడిగితే ఇచ్చేస్తారు. కిలో వ్యర్థానికి కిలో అనకాపల్లి బెల్లం కలిపి, ప్లాస్టిక్ డబ్బా మూతికి గుడ్డ కట్టి నెల రోజులు నీడలో ఉంచుతాను. బాగా ఊరితే పండు పులిసిన వాసన వస్తుంది. మొదటిసారి బెల్లం సగమే వేశాను. కుళ్లు కంపు కొట్టింది, పురుగులు పట్టాయి, మొత్తం పారబోశాను.

మోతాదు లీటరు నీళ్లకు 3 మి.లీ. ఒక వేసవిలో ఆశ కొద్దీ 15 మి.లీ. కలిపి, పదకొండు గంటల ఎండలో కొట్టాను. మర్నాటికి చిక్కుడు ఆకుల అంచులన్నీ మాడిపోయాయి. ఆ పాదు మళ్లీ తేరుకోలేదు, తలుచుకుంటే ఇప్పటికీ బాధే. ఇప్పుడు ఉదయం ఏడులోపే పని ముగిస్తాను. చాలా మొక్కల్లో పత్రరంధ్రాలు, అంటే ఆకు గాలి పీల్చే సన్నని రంధ్రాలు, ఆకు అడుగునే ఎక్కువ కనుక నాజిల్ పైకి తిప్పి కింద నుంచి కొడతాను. వంకాయ ఆకుల మీద నీళ్లు నిలవకపోతే కాస్త కుంకుడు రసం కలుపుతాను.

మన వైజాగ్‌లో ఉప్పుగాలి సంగతి మరవకూడదు. సముద్రం వైపున్న కుండీల ఆకుల మీద ఉప్పు పేరుకుంటుంది. ఎంత కొట్టినా ఆ వరస మొక్కలు ఎదగకపోతే చాలా టెన్షన్ పడ్డాను. ద్రావణం కొట్టే ముందురోజు సాయంత్రం ఆకుల్ని కుళాయి నీళ్లతో కడగడం మొదలుపెట్టాకే అవి పచ్చబడ్డాయి. వానాకాలంలో మాత్రం సాయంత్రాలు ఆకు తడపను. ఇక్కడి తేమకు రాత్రంతా ఆరదు, మచ్చ తెగులు వస్తుంది.

బెండ, వంగ వారం పది రోజుల్లో ముదురు పచ్చగా తిరుగుతాయి. ఇందులో నత్రజని ఎక్కువ, అందుకే పూత మొదలైతే ఆపేస్తాను. మొదటి ఏడాది ఆపకపోతే టమాటా చెట్టు నడుమెత్తు పెరిగింది, కాయలు పదైనా రాలేదు. పూత దశలో పంచగవ్య వాడతాను, లీటరుకు 30 మి.లీ. దాన్ని పాత నూలు చీర రెండు మడతలు వేసి వడకట్టాలి, లేదంటే నాజిల్ మూసుకుపోతుంది.

ఆకుకు కొట్టి అన్నీ నయం చేయలేం. మందారం కొత్త ఆకులు ఈనెలు పచ్చగా, మిగతాదంతా పసుపుగా మారితే రెండు నెలలు చేపల ద్రావణమే కొట్టాను, ఫలితం లేదు. అది ఇనుము లోపం. బోరు నీళ్లు మానేసి, మట్టి మార్చి, కంపోస్టు వేశాక సర్దుకుంది. టమాటా కాయ అడుగు నల్లబడినప్పుడూ అంతే. ఆకు మీద పడిన కాల్షియం కాయకు చేరదు. రోజూ ఒకే వేళకు, ఒకే కొలతలో నీళ్లు పెట్టాకే ఆ నలుపు తగ్గింది.

తోటకూర, పాలకూర మీద చేపల ద్రావణం కొట్టను. వాటికి మొక్క మొదలు దగ్గర మట్టిలోనే పోస్తాను, అది కూడా కోతకు రెండు వారాల ముందే ఆపేస్తాను.