పురుగు గుడ్ల సీసాకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

నాకు ఆరేళ్లుగా అల్సరేటివ్ కోలైటిస్, అంటే పెద్దపేగు వాచి పుండ్లు పడే జబ్బు. మెసలమైన్, అజథయోప్రిన్ మింగీ మింగీ విసుగెత్తిన రోజుల్లో ఒక వాట్సాప్ గ్రూపులో ఒకాయన తగిలాడు. పందుల పేగుల్లో ఉండే విప్‌వార్మ్ అనే పురుగు గుడ్లు విదేశాల నుంచి తెప్పించి ఇస్తానన్నాడు, అవి తాగితే ఇమ్యూనిటీ చల్లబడి జబ్బు తగ్గుతుందన్నాడు. రెండు వారాలకో డోసు, డోసుకు 2,500 గుడ్లు, మూడు నెలల ప్యాకేజీ 42,000 రూపాయలు, ముందే యూపీఐలో కట్టాలి. కట్టాను. "నీ చిన్నప్పుడు పురుగులు పోవాలని మందు పోశాం, ఇప్పుడు నువ్వు డబ్బు పోసి కొంటున్నావా?" అంది అమ్మ.

ఆయన చెప్పినదాంట్లో సగం నిజమే. నేను మోసపోయింది అక్కడే. పురుగు పేగులో బతకాలంటే మన ఇమ్యూనిటీ దాన్ని తరిమేయకూడదు. అందుకని అది ఇమ్యూనిటీని అదుపులో పెట్టే టీ-రెగ్ కణాలను పెంచి, ఐఎల్-10 లాంటి వాపు తగ్గించే సంకేతాలు ఎక్కువయ్యేలా చూసుకుంటుంది. ఎలుకల్లో ఉండే ఒక పురుగైతే మన ఒంట్లో ఇమ్యూనిటీని చల్లార్చే టీజీఎఫ్-బీటా అనే సంకేతంలా పనిచేసే సొంత ప్రొటీన్‌నే తయారు చేసుకుంటుంది. సొంత ఒంటి మీదే దాడి చేసే ఆటోఇమ్యూన్ జబ్బుల్లో ఈ చల్లార్చే పని ఉపయోగపడవచ్చని సైంటిస్టుల ఆశ. అర్జెంటీనాలో 12 మంది మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్ అనే నరాల జబ్బు) రోగులకు మామూలుగానే పురుగులు పట్టి ఉన్నాయి. వాళ్లకు జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గిందని 2007లో ప్రచురించారు. తర్వాత నలుగురికి పురుగుల మందు ఇస్తే జబ్బు మళ్లీ లేచింది. అమెరికాలో 2005 నాటి ట్రయల్‌లో నాలాంటి రోగుల్లో గుడ్లు తాగిన 30 మందిలో 13 మందికి, ఉత్తుత్తి మందు తాగిన 24 మందిలో నలుగురికి మెరుగైంది.

ఆయన కథ అక్కడితో ఆపేశాడు. 2013లో క్రోన్స్ అనే ఇంకో పేగు వాపు జబ్బు మీద పెద్ద ట్రయల్‌లో ఇవే గుడ్లు ఫెయిలయ్యాయి. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో 71 మంది ఎంఎస్ రోగులతో చేసి, 2020లో ప్రచురించిన ట్రయల్‌లో కొంకి పురుగుల (హుక్‌వార్మ్) వల్ల టీ-రెగ్ కణాలైతే పెరిగాయి గానీ, స్కాన్‌లో జబ్బు వల్ల కనిపించే కొత్త మచ్చల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇంకోటి, పంది పురుగు మనిషిలో ఎక్కువ కాలం నిలవదు. అందుకే మళ్లీ మళ్లీ తాగాలి. ప్యాకేజీ ఎందుకో ఇప్పుడు అర్థమైందా?

సరుకు సంగతి. చల్లగా ఉండాల్సిన పార్సిల్ మే నెల ఎండలో 18 రోజులు తిరిగి వచ్చింది. ఐస్ ప్యాక్ వేడిగా ఉంది. మొదటి సీసా తాగేశాను, అదీ నా తెలివి. రెండోదాన్ని తెలిసిన మైక్రోబయాలజీ మేడమ్‌కి చూపించాను. విప్‌వార్మ్ గుడ్డు చిన్న పీపాలా ఉంటుందట, రెండు కొసలకీ బిరడాలు పెట్టినట్టు. అలాంటిది ఒక్కటీ దొరకలేదు, ఏదో పొడి తేలుతోంది. అడిగితే "మీ మైక్రోస్కోప్ మంచిది కాదు" అని ఆయన నన్ను బ్లాక్ చేశాడు.

డబ్బు పోతే పోయింది. అసలు దెబ్బ వేరే. ఇమ్యూనిటీని అణిచే మందులుంటే గుడ్లు పనిచేయవని, అజథయోప్రిన్ ఆపించాడు. డాక్టర్‌కి చెప్పకుండా ఆపేశాను. ఐదో వారానికి రక్తం పడటం మొదలైంది, ఆస్పత్రిలో చేరాను. స్టెరాయిడ్లు మొదలుపెట్టే ముందు డాక్టర్ నాకు స్ట్రాంగిలాయిడిస్ అనే ఇంకో పేగు పురుగు ఉందేమోనని పరీక్ష చేయించారు. ఆ పురుగు ముందే ఒంట్లో ఉంటే స్టెరాయిడ్లతో విపరీతంగా పెరిగి ప్రాణం మీదికి తెస్తుందట. అమ్మినాయన ఏ పరీక్ష గురించీ అడగలేదు. ఆ సీసాలో ఏముందో తెలియదు కాబట్టి నాకు ఇప్పటికీ టెన్షనే.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లయింట్ ఇచ్చాను. అదే నీలం మూత సీసా ఫోటోతో, ఇంకో పేరుతో, ఇప్పుడు "కొంకి పురుగు పట్టీ" అని ఇంకో గ్రూపులో అమ్ముతున్నాడు. మీకు కూడా మెసేజ్ వచ్చి ఉంటే స్క్రీన్‌షాట్ పంపండి, కంప్లయింట్‌కి జత చేస్తాను. మిగిలిన నాలుగు సీసాలు సాక్ష్యంగా ఫ్రిజ్‌లోనే ఉంచాను. వాటిని పెరుగు పక్కన పెట్టొద్దని అమ్మ రోజూ గొడవ.