బ్రేక్ ఆయిల్: డాట్ 3, డాట్ 4, 5.1లో ఏది మేలు?

స్పేర్ పార్ట్స్ షాపులో బ్రేక్ ఆయిల్ అడిగితే "త్రీయా, ఫోరా?" అంటారు. నేను మొదట్లో ఏది చవకైతే అదే తెచ్చుకునేవాణ్ని.

డాట్ అంటే అమెరికా రవాణా శాఖ ప్రమాణం, పక్కనున్న నంబరు గ్రేడు. ఆ నంబర్లు ముఖ్యంగా చెప్పేది ఆయిల్ ఎంత వేడికి మరుగుతుందో. కొత్తగా ఉన్నప్పుడు డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా, డాట్ 4 అయితే 230 దాకా, 5.1 అయితే 260 దాకా మరగకూడదు. ఇంతవరకు చూస్తే 5.1దే గెలుపు. కానీ ఈ మూడూ వానాకాలంలో మూత సరిగ్గా పెట్టని ఉప్పు డబ్బాలాంటివే, గాలిలోని తేమను లాగేసుకుంటాయి. సుమారు 3.7 శాతం నీరు చేరాక కనీస హద్దులు వరుసగా 140, 155, 180కి పడిపోతాయి. అంటే ఏళ్ల తరబడి మార్చని డాట్ 4 కంటే నిన్న పోయించిన డాట్ 3 నయం!

ఊళ్లో తిరిగే కారుకి ఈ తేడా తెలియదు. తిరుమల ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది. కారు నిండా జనం, డిక్కీ నిండా సామాను, గేరు తగ్గించకుండా బ్రేకు మీదే కాలు. ఆ వేడికి పాత ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. పెడల్ మీది ఒత్తిడిని చక్రాల దగ్గరి బ్రేకులకు చేర్చేది ఈ ఆయిలే. ద్రవం నొక్కితే కుదించుకోదు, ఆవిరి కుదించుకుంటుంది. అందుకే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది గానీ బ్రేకు పడదు. కింద కాసేపు ఆపి చల్లారనిస్తే పెడల్ మళ్లీ మామూలే. ఓసారి నాకిలాగే అయితే మెకానిక్ చూసి "ఏం లేదు సార్, బానే ఉంది" అని పంపేశాడు. ఆయిల్ ఎప్పుడు మార్చారని అతను అడగలేదు, నాకూ గుర్తు లేదు.

మరి ఏది? రిజర్వాయర్ (బ్రేక్ ఆయిల్ పోసే చిన్న డబ్బా) మూత మీద డాట్ 4 అని ఉంటే డాట్ 4 పోయించండి, డాట్ 3కి దిగొద్దు. మూత మీద డాట్ 3 ఉన్నా మాన్యువల్ ఒప్పుకుంటే డాట్ 4కి వెళ్లడం మంచిదే. 5.1 ఇంటి కారుకి అనవసరపు ఖర్చని నా అభిప్రాయం, ఆ డబ్బుతో రెండేళ్లకోసారి తప్పకుండా మార్పించుకోవచ్చు. ఉత్త డాట్ 5 జోలికి మాత్రం పోకండి. అది ఊదారంగు సిలికాన్ ఆయిల్, మిగతావాటితో కలవదు.

లెవెల్ తగ్గితే పైన కాస్త పోస్తే చాలదా అంటారు కొందరు. చాలదు. బ్రేకు వేసినప్పుడు చక్రం డిస్కును ఒత్తిపట్టే ప్యాడ్లు అరిగేకొద్దీ లెవెల్ మెల్లగా తగ్గడం సహజం, కాబట్టి ముందు ప్యాడ్లు చూపించండి. అలా చూడకుండా నింపేస్తే కొత్త ప్యాడ్లు వేసిన రోజున ఆయిల్ వెనక్కి వచ్చి పొర్లుతుంది, పెయింట్‌ని తినేస్తుంది. పడినచోట వెంటనే నీళ్లతో కడగాలి. ప్యాడ్లు బాగున్నా లెవెల్ తగ్గుతుంటే ఎక్కడో లీకుంది, అప్పుడు బండి తీయొద్దు.

మార్చేటప్పుడు సీల్ ఉన్న డబ్బా మీ ఎదురుగానే విప్పించండి. గ్యారేజీ అరలో నెలల తరబడి సగం మిగిలిపోయిన డబ్బా మీద ఏ నంబరున్నా, అందులోది ఈపాటికే తేమ పట్టిన ఆయిల్.