కొత్త ఆసిలోస్కోప్: కొలతలకు పేరు పెట్టలేం, లాన్ సెట్టింగ్‌తోనే తంటా

మా యూనిట్ వైజాగ్ ఆటోనగర్‌లో ఉంది. బ్యాటరీ ఛార్జర్ల బోర్డులు చేస్తాం, నాది టెస్టింగ్. పాత స్కోప్ మూలపడ్డాక యాభై వేల చుట్టుపక్కల ధరలో నాలుగు ఛానెళ్ల డిజిటల్ ఆసిలోస్కోప్ (వోల్టేజి మార్పుల్ని తెర మీద గీతగా చూపే పరికరం) తెప్పించాం. బ్రాండ్ పేరు రాయడం లేదు. ఈ ధరలో వచ్చేవాటిలో చాలావాటి మెనూలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి.

ట్రిగ్గర్, ప్రోబులు, తెర అన్నీ బాగున్నాయి. వాటి మీద వీడియోలు బోలెడు దొరుకుతాయి. నేను కొన్నది మాత్రం వెనకాల ఉన్న లాన్ పోర్టు (నెట్‌వర్క్ కేబుల్ పెట్టే ఈథర్‌నెట్ పోర్టు) చూసి. ఛార్జర్‌ని గంటల తరబడి లోడ్ మీద పెడితే రిపుల్ (డీసీ వోల్టేజిలో మిగిలే చిన్న హెచ్చుతగ్గులు) ఎంతుందో లాప్‌టాప్‌లో రికార్డు కావాలి. యూఎస్‌బీ కేబుల్‌తో చేస్తే పెద్ద లోడ్ ఆన్, ఆఫ్ అయినప్పుడల్లా కనెక్షన్ తెగిపోయేది. ఈథర్‌నెట్ పోర్టులో ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేషన్ (రెండు వైపులూ నేరుగా కలవకుండా విడదీయడం) ఉంటుంది కాబట్టి ఆ గొడవ తక్కువ. కేబుల్ కూడా 100 మీటర్ల దాకా లాగొచ్చు.

ఇక సెట్టింగ్. యుటిలిటీ బటన్ నొక్కి, ఐఓ సెట్టింగ్‌లోకి వెళ్లి, లాన్ తెరిస్తే డీహెచ్‌సీపీ, ఆటో ఐపీ, స్టాటిక్ ఐపీ అని మూడు కనిపిస్తాయి. స్కోప్‌కి నెట్‌వర్క్ చిరునామా (ఐపీ నంబరు) వచ్చే దారులివి: వరసగా రౌటర్ ఇచ్చేది, స్కోప్ తనే పెట్టుకునేది, మనం ఇచ్చేది. చూడగానే మూడింట్లో ఒకటి ఎంచుకోవాలేమో అనిపిస్తుంది. కాదు, మూడూ విడివిడి స్విచ్‌లు. స్కోప్ ముందు డీహెచ్‌సీపీని అడుగుతుంది, అది కుదరకపోతే ఆటో ఐపీకి వెళుతుంది, స్టాటిక్‌ది ఆఖరి వంతు. పై రెండూ ఆపకుండా స్టాటిక్ ఒక్కటీ ఆన్ చేస్తే మనమిచ్చిన నంబరుకి ఎప్పటికీ వంతు రాదు. మాన్యువల్‌లో ఈ ముక్క ఉంది, ఎక్కడో లోపలి పేజీలో, చిన్న అక్షరాల్లో.

నంబర్లు ఎక్కించడం ఇంకో వ్రతం. కీప్యాడ్ లేదు, ఒక్కటే నాబ్. 192 దాకా తిప్పాలి, నొక్కాలి, మళ్లీ 168 దాకా తిప్పాలి. మెల్లగా తిప్పితే ఒక్కో అంకే కదులుతుంది. కాస్త జోరు పెంచామా, 168 దాటేసి 180 దగ్గర ఆగుతుంది, మళ్లీ వెనక్కి. తర్వాత మాస్క్ (ఏ నంబర్లు ఒకే నెట్‌వర్క్‌వో చెప్పేది), గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కి దారిచ్చే రౌటర్ నంబరు). అన్నీ అయ్యాక అప్లై నొక్కకపోతే తెర మీద కొత్త నంబరే కనిపిస్తుంది, లోపల నడిచేది మాత్రం పాతదే. ఈ మెనూ తయారుచేసినవాళ్లు దీన్ని ఒక్కసారైనా వాడి చూశారా అని నా అనుమానం. డీలర్‌కి ఫోన్ చేస్తే, "మేడమ్, రౌటర్ రీస్టార్ట్ చేశారా?" అన్న ఒక్క ప్రశ్న తప్ప ఇంకేమీ రాలేదు.

డీహెచ్‌సీపీ మీదే వదిలేయొచ్చు కదా అంటారేమో. గాలివాన వచ్చిందంటే మా దగ్గర కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. తిరిగొచ్చినప్పుడు రౌటర్ కంటే స్కోప్ ముందు లేస్తుంది. నంబరు ఇచ్చేవాళ్లు ఎవరూ లేక 169.254తో మొదలయ్యే చిరునామా తనంతట తనే పెట్టేసుకుంటుంది. లాప్‌టాప్ ఏమో 192.168లో ఉంటుంది. రెండూ ఒకే నెట్‌వర్క్ స్విచ్‌కి (కేబుళ్లన్నీ కలిపే డబ్బాకి) ఉన్నా పింగ్‌కి, అంటే ఉన్నావా అని అడిగే సందేశానికి, జవాబుండదు. మా హెల్పర్ కుర్రాడిది శ్రీకాకుళం. తెర మీద 169 కనిపిస్తే చాలు, "ఏటి మేడమ్, మళ్లీ సొంత నంబరు ఎట్టీసుకుంది" అంటూ కేబుల్ పీకి పెడతాడు.

అందుకే స్టాటిక్‌కే మారాం. రౌటర్ పంచే రేంజికి బయటున్న నంబరు ఇచ్చి, మాస్క్ 255.255.255.0 పెడితే చాలు. లాప్‌టాప్‌కి నేరుగా కలిపేవాళ్లకైతే గేట్‌వేతో పనే లేదు.

నంబరు కుదిరాక మాత్రం ఈ స్కోప్‌ని మెచ్చుకోవాల్సిందే. బ్రౌజర్‌లో ఆ చిరునామా కొడితే స్కోప్ పేజీ తెరుచుకుని, తెర మొత్తం లాప్‌టాప్‌లో కనిపిస్తుంది. ముందువైపు ఎల్‌ఎక్స్‌ఐ గుర్తు ఉంది. లాన్ మీద నడిచే కొలత పరికరాల కోసం 2005లో వచ్చిన ప్రమాణం అది. అంతకుముందు జీపీఐబీ ఉండేది, 24 పిన్నుల లావుపాటి కేబుల్, ఒక బస్ (పరికరాలన్నీ పంచుకునే లైను) మీద 15 పరికరాలకు మించకూడదు. ఆదేశాల భాష ఎస్‌సీపీఐ 1990 నాటిదే అయినా ఇప్పటికీ నడుస్తోంది. స్టార్, ఐడీఎన్, ప్రశ్న గుర్తు కలిపి (*IDN?) పంపితే కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు, ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్ కామాలతో తిరిగొస్తాయి. ఆ జవాబు వచ్చిందంటే నెట్‌వర్క్ టెన్షన్ తీరినట్టే.

కానీ ఆ ఆదేశాలకు పాస్‌వర్డ్ అడగదు. అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా టెస్ట్ మధ్యలో సెట్టింగ్ మార్చేయొచ్చు. ఆఫీసు వైఫైతో కలపకండి, టెస్ట్ బెంచికి విడిగా చిన్న స్విచ్ పెట్టుకోండి.

మన ఊళ్లోవాళ్లకి ఇంకోటి. పోర్టు దగ్గర లింకు లైటు వెలగకపోతే మెనూలోకి వెళ్లేముందు ప్లగ్గు పిన్నులు చూడండి. సముద్రపు గాలికి చవక కేబుళ్ల పిన్నులు తొందరగా పచ్చబడతాయి. ద్వారకానగర్‌లో కాస్త ఎక్కువ పెట్టి కొన్న క్యాట్ సిక్స్ కేబుల్ ఇంతవరకు ఇబ్బంది పెట్టలేదు.

కొలతలకు ఐదుకి నాలుగున్నర ఇస్తాను. నెట్‌వర్క్ మెనూకి రెండు, అదీ బ్రౌజర్ పేజీ మొహం చూసి. కాలిబ్రేషన్‌కి (కొలతలు సరిచూసే పరీక్షకి) పంపేవాళ్లు ముందుగా లాన్ పేజీని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఫ్యాక్టరీ సెట్టింగులతో తిరిగొస్తే డీహెచ్‌సీపీ, ఆటో ఐపీ రెండూ మళ్లీ ఆన్‌లోనే ఉంటాయి.