జరీ చీరల మధ్య బ్యాటరీ లేని ట్యాగులు: నాలుగేళ్ల వాడకం

బరంపురంలో మా పట్టుచీరల కొట్టులో ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు (రేడియో తరంగాలతో తమ నంబరు చెప్పే చీటీలు) పెట్టి నాలుగేళ్లయింది. అంతకుముందు స్టాకు లెక్కంటే రెండు రోజులు షట్టర్ దించాల్సిందే. ఇప్పుడు ఆ ట్యాగులు చదివే రీడర్ పట్టుకుని ర్యాకుల వెంట నడిస్తే మధ్యాహ్నానికల్లా అయిపోతుంది. కాటన్ చీరల దగ్గరైతే కట్ట విప్పే పని కూడా లేదు.

ఓసారి చిరిగిన ట్యాగును వెలుగులో పెట్టి చూశాను. ఆవగింజ కన్నా చిన్న చిప్పు, దానికి అటూ ఇటూ మెలికలు తిరిగిన పల్చటి అల్యూమినియం రేకు. అంతే. రీడర్ పంపే రేడియో తరంగాల నుంచే చిప్పు కాస్త కరెంటు తీసుకుంటుంది. మన దేశంలో ఈ రకానికి 865–868 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలు కేటాయించారు. చిప్పు సొంతంగా ఏమీ ప్రసారం చేయదు. వచ్చిన తరంగాన్ని ఎక్కువగా, తక్కువగా తిప్పికొడుతూ తన నంబరు చెబుతుంది. కార్ల అద్దం మీది ఫాస్టాగ్ కూడా ఈ జాతిదే.

మాకు చిక్కంతా జరీతోనే. లోహం తరంగాన్ని అడ్డుకుంటుంది. కుంభం అంచు చీరలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఇనప బీరువాలో పెడితే అడుగునున్నవి పలకవు. మొదటి ఏడాది మూడు చీరలు లెక్కకు రాలేదు. కౌంటర్ కుర్రాడిని అందరూ అనుమానంగా చూశారు, నేనూ చూశాను. రెండో రోజు అదే బీరువా అడుగున, జరీ కొంగుల మధ్య మూడూ దొరికాయి. వాడు అప్పటిదాకా అన్నం సరిగా తినలేదని వాళ్లమ్మ చెప్పింది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. రీడర్‌కు కనబడలేదంటే చీర పోయిందని కాదు. చేత్తో వెతక్కుండా ఇప్పుడు ఎవరినీ అడగం.

ట్యాగును దారంతో మడత బయటికి వేలాడేలా కట్టాక చాలా వరకు సర్దుకుంది. జరీ విరగకుండా కొన్ని నెలలకోసారి చీర మడత మారుస్తాం కదా, అప్పుడు ట్యాగు నలిగితే రేకు తెగుతుంది. బ్యాటరీ లేదు కాబట్టి అయిపోయేదేం లేదు, తెగితే మాత్రం చచ్చినట్టే. ట్యాగున్న చీర బయటికి పోతే మోగే గుమ్మం దగ్గరి అలారాన్నీ పూర్తిగా నమ్మకండి. చీరను చంకలో ఒంటికి ఆనించి పట్టుకుంటే ఒంట్లోని నీరే తరంగాన్ని పీల్చేస్తుంది.

బార్‌కోడ్ స్టిక్కర్ పైసల్లో వస్తుంది, ఇది రూపాయల్లో. రీడర్ ఖర్చు వేరే. జరీ సరుకు అమ్మేవాళ్లు ముందు పది ట్యాగులు తెప్పించుకుని, మీ బీరువాలోనే, తలుపు తీసీ మూసీ చదివించి చూశాకే డబ్బు కట్టండి.