ప్యాడ్లా, శాక్సఫోనా?

నెల్లూరులోనో ఒంగోలులోనో కాలేజీ ఫెస్ట్‌కి ఫంక్, జాజ్, హిప్‌హాప్ కలిపి ఎలక్ట్రానిక్ షో చేద్దామనుకునే కుర్రాళ్లు రెండు పేర్లు వినాలి. రెండూ అమెరికాలోని కొలరాడోవే.

ప్రెట్టీ లైట్స్, అంటే డెరెక్ విన్సెంట్ స్మిత్, పాత రికార్డుల్లోంచి ముక్కలు కోసి హిప్‌హాప్ బీట్ మీద పేరుస్తాడు. 2013 ఆల్బమ్‌కి మాత్రం వాద్యకారుల్ని పిలిపించి వాయింపజేసి, దాన్ని వినైల్, అంటే గ్రామఫోన్ రికార్డు మీదకి ఎక్కించి, మళ్లీ అందులోంచే శాంపిల్స్, అంటే ముక్కలు తీసుకున్నాడు. ఇంత తిప్పలెందుకంటారా? ఆ రికార్డు గరగర కంప్యూటర్లో అంత తేలిగ్గా రాదు మరి.

రెండోది బిగ్ జైగాంటిక్, ఇద్దరి బ్యాండ్. అందులో డొమినిక్ లల్లి స్టేజీ మీదే శాక్సఫోన్ ఊదుతాడు, జెరెమీ సాల్కెన్ డ్రమ్స్ వాయిస్తాడు. ముందే తయారుచేసుకున్న ఎలక్ట్రానిక్ ట్రాకులు వెనక నడుస్తుంటాయి.

ఖర్చు చూస్తే మొదటిదే, అంటే ప్రెట్టీ లైట్స్ పద్ధతే నయం. ల్యాప్‌టాప్, ప్యాడ్ కంట్రోలర్ (వేలితో కొడితే శబ్దాలు పలికించే ప్యాడ్ల పెట్టె), ఆడియో ఇంటర్‌ఫేస్ (ల్యాప్‌టాప్ శబ్దాన్ని స్పీకర్లకి పంపే పెట్టె) ఉంటే ఒక్కడే షో నడిపేయొచ్చు. కానీ జనానికి కనిపించేది ల్యాప్‌టాప్ వెనక తల ఊపే మనిషే. "పాటలు పెట్టుకోని నిలబడుండాడు, అంతేగా" అనేస్తారు మనోళ్లు.

నా ఓటు రెండోదానికే. శాక్సఫోన్ మనకి కొత్తా? పెళ్లి బ్యాండుల్లో వింటూనే ఉన్నాం. అసలు టెన్షనంతా డ్రమ్మర్‌తోనే. ట్రాకుతో కలవాలంటే చెవిలో క్లిక్, అంటే తాళం చెప్పే టిక్ టిక్ చప్పుడు వింటూ వాయించాలి. ఉత్సాహంలో స్పీడ్ పెంచాడంటే ల్యాప్‌టాప్ అతని కోసం ఆగదు. కాబట్టి డ్రమ్మర్‌కి మంచి హెడ్‌ఫోన్స్ ముందు కొనండి, లైట్ల సంగతి తర్వాత.